రోమియో జూలియెట్ ప్రోలాగ్: చచ్చిపోతారని ముందే చెప్పేస్తే ఇక చూడటానికి ఏముంది?

ఏలూరు_విద్యార్థి: డిగ్రీ సెకండియర్ నేను. ఎల్లుండి సెమినార్‌లో షేక్‌స్పియర్ నాటకం రోమియో జూలియెట్ మొదట్లో వచ్చే ఈ ప్రోలాగ్, అంటే ముందుమాట పద్యం, మీద మాట్లాడాలి. ఉన్నవి 14 పాదాలు. కోరస్ అనే కథ చెప్పే పాత్ర వచ్చి, ఇటలీలోని వెరోనాలో రెండు ఇళ్లు, వాటి మధ్య పాత పగ, ఆ ఇళ్ల పిల్లలు ప్రేమించుకుని చచ్చిపోతారు, అప్పుడుగానీ పెద్దల పగ చల్లారదు అని మొత్తం చెప్పేసి వెళ్లిపోతాడు. ఇక సస్పెన్స్ ఏముంది? షేక్‌స్పియర్ నాటకాలన్నీ కలిపి వేసిన 1623 ఫోలియోలో ఇది లేదట, అంటే అనవసరం అనే కదా? ఇంకో డౌటు: ఆరో పాదంలో "టేక్ దెయిర్ లైఫ్" అంటే ఆత్మహత్యేనా?

బడిగంట: ఆత్మహత్యే. ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. సందేహం పెట్టుకోకు బాబూ.

కాఫీగ్లాసు: టికెట్ కొన్నాక క్లైమాక్స్ చెప్పేస్తే మా ఊళ్లో కుర్చీలు విరుగుతాయి.

పాతపుస్తకం: ఫోలియోలో లేదు కాబట్టి అనవసరం అనుకోవడం తొందరపాటు. ఈ నాటకం ఒక్కటే విడిగా అచ్చయిన చిన్న పుస్తకాలని క్వార్టోలంటారు. 1597 నాటి మొదటి క్వార్టోలో ఇది 12 పాదాలు. 1599 నాటి రెండో క్వార్టోలో 14. సస్పెన్స్ సంగతికొస్తే, ఈ కథ అప్పటికే జనానికి కొత్త కాదు. ఆర్థర్ బ్రూక్ 1562లోనే దీన్ని పెద్ద కావ్యంగా అచ్చు వేశాడు. దాని మొదట్లో కూడా కథంతా చెప్పేసే 14 పాదాల పద్యం ఉంది. సీత దొరుకుతుందో లేదో తెలుసుకుందామని మనం రామాయణం చూస్తామా? ముగింపు తెలిసి చూస్తే, జూలియెట్ నిజంగా చావలేదని రోమియోకి చెప్పాల్సిన ఉత్తరం సమయానికి చేరని చోట గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది.

ఇక ఆరో పాదం. బడిగంట గారూ, ఐదో పాదంతో కలిపి చదవండి. "ఈ ఇద్దరు శత్రువుల కడుపుల నుంచి" అని మొదలుపెట్టి "ఒక జంట టేక్ దెయిర్ లైఫ్" అంటున్నాడు. కడుపులోంచి చేసేది పుట్టడమే కదా! చావు మాట ఎనిమిదో పాదంలో గానీ రాదు.

బడిగంట: టేక్ లైఫ్ అంటే ప్రాణం తీసుకోవడం. పేపర్లో రోజూ చూస్తున్నాం.

పాతపుస్తకం: నేటి పేపర్లో "ఓన్" అనే మాట మధ్యలో ఉంటుంది, ఇక్కడ లేదు. అయితే చావు ధ్వని లేదని నేననలేదు. అది శ్లేష. నాలుగో పాదంలో "సివిల్" అన్న మాట రెండుసార్లు వాడింది కూడా అందుకే: ఒకే ఊరివాళ్ల నెత్తురు, మర్యాదస్తుల చేతులు.

గోదారిగట్టు: తెలుగులో ఇది కుదరదు. ప్రాణం పోసుకున్నారు అంటే పుట్టుక, ప్రాణం తీసుకున్నారు అంటే చావు. రెంటికీ ఒకే క్రియ ఎక్కడ తెస్తాం? "కడుపులోంచి ప్రాణం తీసుకున్నారు" అని రాసి చూశాను, ఇంకేదో ఆపరేషన్‌లా వినిపిస్తోంది.

కాఫీగ్లాసు: "రెండు గంటల ట్రాఫిక్" అన్నాడే, అది అమీర్‌పేట గురించేనా?

గోదారిగట్టు: ట్రాఫిక్ అంటే అక్కడ వ్యవహారం అని. మొత్తం ఆడితే రెండు గంటల్లో తేలదు, అది వేరే సంగతి. ఆ ఆరో పాదంలోనే జంటని "స్టార్ క్రాస్డ్" అన్నాడు, అది మాత్రం మనకు తేలిక. జాతకాలు కలవని జంట. అయిపోయింది.

బడిగంట: అదిగో, అదే వద్దంటున్నాను! జాతకాలు కలవకపోవడం కాదు. కలవలేదని చెప్పేవాళ్లుంటారు.

పాతపుస్తకం: జాతకాలు అనకండి, గ్రహాలు ఎదురుతిరిగినవాళ్లు అనండి. కానీ మీకింత కోపం దేనికో అర్థం కావట్లేదు. ఒక్క క్రియ మీద ఇంతసేపటి నుంచి కొట్లాడుతున్నారు. తప్పు ఒప్పుకోవడం మాస్టార్లకి కష్టమేమో.

బడిగంట: మాస్టారి సంగతి మీకెందుకు? చెబుతాను వినండి. మా అక్క ఒకాయన్ని చేసుకుంటానంది. పొంతన కుదరలేదని మా నాన్న సంబంధం తప్పించారు. అక్క అలాగే ఉండిపోయింది. నాన్న పోయాక ట్రంకు పెట్టెలో పంచెల కింద పంతులు గారి కాగితం దొరికింది. 36 గుణాలకి 24 కలిశాయని ఆయన చేతిరాత. అసలు అడ్డం కులం. నక్షత్రాల మీదికి తోసేశారు. "పుట్టినప్పుడే గ్రహాలు ఎదురుతిరిగాయి" అని మీరు చదివితే ఆ పెద్దలందరూ నిర్దోషులైపోతారు. "ప్రాణం తీసుకున్నారు" అని చదివితేనే, ఎవరివల్ల అని అడగగలం.

గోదారిగట్టు: అయ్యో. క్షమించండి మాస్టారూ.

పాతపుస్తకం: నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీ ప్రశ్న అడగడానికి ఆరో పాదాన్ని వంచక్కర్లేదు. పదో పాదంలో "తల్లిదండ్రుల కోపం" అని నేరుగానే ఉంది. పదకొండులో, పిల్లల చావు తప్ప ఇంకేదీ దాన్ని తీసేయలేకపోయింది అంటాడు. అయినా అంతా పెద్దల నెత్తినే వేయలేం. ఫ్రయర్ జాన్ అనే సన్యాసి రోమియోకి ఆ ఉత్తరం పట్టుకుని బయల్దేరితే, ప్లేగు తగిలిందేమోనన్న అనుమానంతో అతన్ని ఒక ఇంట్లో పెట్టి తలుపులు మూసేశారు. అది ఎవరి కుట్ర?

బడిగంట: ఉత్తరం ఆగడం దురదృష్టమే, కాదనను. దొంగచాటు ఉత్తరం రాయాల్సిన అవసరం ఎందుకొచ్చింది? జూలియెట్ అంతకుముందే పెళ్లయిందని ఇంట్లో నోరు విప్పి చెప్పగలిగితే, చచ్చినట్టు కనిపించేలా చేసే ఆ మందు తాగేదా? తను కుదిర్చిన పెళ్లికొడుకు పారిస్‌ని చేసుకోకపోతే వీధిలో చావమన్నది నక్షత్రం కాదు, కన్నతండ్రి.

పాతపుస్తకం: అక్కడ మీతో పేచీ లేదు. కానీ జూలియెట్ బంధువు టిబాల్ట్‌ని చంపాక "నేను విధి చేతిలో పిచ్చివాణ్ణి" అన్నది రోమియోనే.

బడిగంట: కత్తి తన చేతిలో పెట్టుకుని అన్నాడు.

ఏలూరు_విద్యార్థి: సార్లూ, ఎల్లుండి నేను ఆరో పాదానికి ఏం చెప్పాలి?

బడిగంట: పుట్టారు అని మొదట చెప్పు. తర్వాత రెండో అర్థం చెప్పు. పదో పాదం దగ్గర మాత్రం తొందరపడకుండా ఒక్క నిమిషం ఆగు.

గోదారిగట్టు: మాస్టారూ, ఆ కాగితం మీ అక్కగారికి చూపించారా?

బడిగంట: లేదు.