పదకొండేళ్ల ఉద్యోగం మానేసి కొత్త కంపెనీలో చేరాలా? సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. బెంగళూరు కంపెనీ ఒకదానిలో పదకొండేళ్లుగా డేటాబేస్ అడ్మిన్‌గా చేస్తున్నాను. కరోనా అప్పటి నుంచి ఇంటి నుంచే పని. ఇప్పుడు అక్కడే ఇంకో కంపెనీ 40 శాతం ఎక్కువ జీతం ఇస్తామంటోంది, కానీ వారంలో మూడు రోజులు ఆఫీసుకు రావాలి.

పీఎఫ్‌ను అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కింద బదిలీ చేసుకుంటాను. ఐదేళ్లు దాటాయి కాబట్టి ఇక్కడి గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) వస్తుంది: చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. కొత్తచోట మాత్రం మళ్లీ మొదటి నుంచి ఐదేళ్లు. పైగా ఆ గ్రాట్యుటీని కూడా సీటీసీలో (కంపెనీ ఏడాదికి మన మీద పెట్టే మొత్తం ఖర్చు) కలిపే చూపించారు. అది తీసేస్తే పెరుగుదల అంత లేదనిపిస్తోంది.

అసలు టెన్షన్ నాన్న గురించి. ఆయనకు షుగర్ ఉంది, గుండెకు స్టెంట్ వేశారు. ఇప్పటి కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు ఇద్దరూ ఉన్నారు. కొత్త కంపెనీ పాలసీ భార్యాపిల్లలకే. విడిగా తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. నాన్న విషయంలో అంత రిస్క్ నేను తీసుకోలేను.

గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీలో విడి వ్యక్తిగత పాలసీకి మారినవాళ్లు ఎవరైనా ఉన్నారా? గడిచిన ఏళ్లను వెయిటింగ్ లెక్కలో కలిపారా? రాజీనామాకు ముందే అడగాలా, తర్వాతా?

ఇంకొకటి. నా నోటీసు 90 రోజులు, వాళ్లు 45 రోజుల్లో రమ్మంటున్నారు. బైఅవుట్ డబ్బు (మిగిలిన నోటీసు రోజులకు పాత కంపెనీకి కట్టాల్సింది) వాళ్లే కడతామని నోటిమాటగా చెప్పారు. ఆఫర్ లెటర్‌లో రాయించుకోమని ఎలా అడిగారో చెప్పండి. అనంతపురం నుంచి వారంవారం బెంగళూరు వెళ్లివచ్చేవాళ్లు కూడా మీ అనుభవం రాయండి, దయచేసి.