సాయంత్రం 5 నుంచి 8 దాకా పిల్లల మీద అరవకుండా ఎలా గట్టెక్కుతున్నారు?

మాది నెల్లూరు, వేదాయపాలెం. పాపకి 4 ఏళ్ళు, బాబుకి 14 నెలలు. మా ఆయనకి కృష్ణపట్నం వైపు షిఫ్టు డ్యూటీ, వారంలో 4 రోజులు రాత్రి 10 దాటాకే వస్తారు.

3 నెలలుగా పగలంతా ఎలాగో నెట్టుకొస్తున్నాను. సాయంత్రం 5 దాటితే మాత్రం ఓపిక ఒక్కసారిగా అయిపోతుంది. బాబు చంక దిగడు, పాప అన్నం ముందు పెట్టుకుని గంట కూర్చుంటుంది. మొన్న పెరుగు గిన్నె ఒలికిందని ఎంత గట్టిగా అరిచానంటే, పాప తన గౌను అంచుతోనే నేల తుడవడం మొదలుపెట్టింది. అది చూసినా నాకు ఏడుపు రాలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

రక్తపరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 11.9, థైరాయిడ్ మామూలే. అమ్మ కావలి నుంచి వచ్చి 15 రోజులు ఉంది, అన్ని రోజులూ బాగున్నాను. తను వెళ్ళిన మూడో రోజుకే మళ్ళీ మొదలు. నాన్నకి ఒంట్లో బాగుండదు, అమ్మని ఇంకా ఉండమనలేను. పాప చేతికి ఫోన్ ఇచ్చి చూశాను, నిద్రవేళ పేచీ రెట్టింపయింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే ఓపిగ్గా విన్నారు, రోజూ కాసేపు నాకంటూ ఉంచుకోమన్నారు. మంచి మాటే, కానీ ఆ కాసేపు పిల్లల్ని చూసేవాళ్ళు లేరు.

సాయంత్రాలు ఇద్దరు చిన్నపిల్లలతో ఒక్కరే ఉండే అమ్మలూ, నాన్నలూ, ఆ 3 గంటల్లో వంట, స్నానాలు, అన్నం, నిద్ర ఏ వరసలో పెట్టుకుంటే మీకు తేలికైంది?