అప్‌డేట్: రిసెప్షన్ వీడియోకి ఏ లైట్ తీసుకున్నానంటే

రిసెప్షన్ షూట్‌కి కెమెరా మీద పెట్టే చిన్న లైట్ సరిపోతుందా, స్టాండ్ లైట్ కూడా కావాలా అని అడిగాను కదా. చివరికి రెండూ తీసుకున్నాను.

బ్యాటరీతో నడిచే బై-కలర్ (వెలుగుని పసుపు నుంచి తెలుపు దాకా మార్చుకోగల) ఎల్ఈడీ ప్యానెల్‌కి వెలుగుని మెత్తబరిచే డిఫ్యూజర్ తగిలించి, స్టేజీకి ఓ పక్కగా, తలల కంటే ఎత్తులో స్టాండ్ మీద పెట్టాను. హాల్లో అన్నీ పసుపు లైట్లే. అందుకే ప్యానెల్‌ని 3200 కెల్విన్‌కి, అంటే పసుపు వెలుగు వైపుకి తిప్పి, కెమెరాలో రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ కూడా అక్కడే లాక్ చేశాను. నగల మెరుపు బాగా పడింది, ముఖాలు తెల్లగా పాలిపోలేదు.

కెమెరా మీది లైట్ డాన్సులప్పుడే, అదీ బాగా తగ్గించి వాడాను. చిన్న లైటుతో చిక్కేంటంటే, దూరం రెట్టింపైతే వెలుగు పావు వంతుకి పడిపోతుంది. మనుషులు ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఎక్స్‌పోజర్ (వీడియోలో పడే వెలుతురు మోతాదు) నిలవదు. డీజే లైట్లనైతే ఎవరూ ఏం చేయలేరు లెండి!

స్టాండ్ కాళ్ల మీద ఇసుక సంచి వేయమన్నవారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. పిల్లలంతా దాని చుట్టూనే పరుగులు.