ట్యాంకు ఫుల్ చేసినా ముల్లు సగం దాటడం లేదు (పాత వ్యాను)

ప్రశ్న:
పాత పెట్రోలు వ్యాను. ట్యాంకు మెడ దాకా నింపినా ఫ్యూయల్ గేజ్ ముల్లు సగం దగ్గరే ఆగిపోతోంది. సగం పెట్రోలు ఉండగానే ఎంప్టీ వైపు దిగిపోతుంది. టెంపరేచర్ గేజ్ బాగానే చూపిస్తోంది, ఫ్యూజు కూడా బాగుంది. ట్యాంకులో ఉన్నది 33–240 ఓమ్‌ల ఫ్లోటు యూనిట్, అంటే పెట్రోలు మట్టాన్ని బట్టి రెసిస్టెన్స్ మార్చి గేజ్‌కి తెలిపే భాగం (ఫుల్‌కి 33, ఖాళీకి 240). డాష్‌బోర్డు విప్పాలా, ట్యాంకు దించాలా?

జవాబు 1:
ప్రస్తుతానికి రెండూ వద్దండి. పాత వ్యాన్లలో చాలావాటికి ఈ రెండు గేజ్‌లకూ కరెంటు ఒకే వోల్టేజ్ స్టెబిలైజర్ నుంచి వస్తుంది. అది పోతే రెండూ తప్పు చూపించాలి. కాబట్టి దాని జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు.

ట్యాంకు దగ్గర ఫ్లోటు వైరు ఊడదీసి కీ ఆన్ చేయండి. ముల్లు ఎంప్టీకి పడిపోవాలి. కీ ఆఫ్ చేసి, ఆ వైరుకీ ఛాసిస్‌పై పెయింటు లేని చోటుకీ మధ్య 33 ఓమ్‌ల రెసిస్టర్ (2 వాట్లది) క్లిప్పులతో తగిలించి, ఆ తర్వాతే కీ ఆన్ చేయండి. పెట్రోలు ఆవిరి ఉండే చోట నిప్పురవ్వ రాకూడదు కదా. ముల్లు ఫుల్‌కి రావాలి. 100 ఓమ్‌లు పెడితే సగానికి రావాలి. ముల్లు మెల్లగా కదిలే రకమైతే ఒక నిమిషం ఆగి చూడండి. వైరుని నేరుగా బాడీకి తాకించి ఉంచకండి, గేజ్ లోపలి కాయిల్ కాలిపోవచ్చు.

10–180 ఓమ్‌ల యూనిట్ ఉన్న బండికి ఇదంతా తలకిందులు: వైరు తీస్తే ఫుల్, బాడీకి తాకిస్తే ఎంప్టీ.

జవాబు 2:
ఇంత తతంగం ఎందుకు? పాత ఫ్లోటు కదా, కొత్తది వేసేయండి.

ప్రశ్న అడిగినవారు:
33కి ఫుల్, 100కి సగం, సరిగ్గా వచ్చాయి. వైరు తీసి, ట్యాంకు నిండుగా ఉండగా ఫ్లోటు యూనిట్ టెర్మినల్ నుంచి దాని పైమూతకి కొలిస్తే 36 ఓమ్‌లు. అదే టెర్మినల్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 104.

జవాబు 3:
జవాబు మీ కొలతల్లోనే ఉంది. ఫ్లోటు 36 చూపిస్తోందంటే దానికేం కాలేదు. 104లోంచి 36 తీస్తే మిగిలిన 68 ఓమ్‌లు ఎర్త్ దారిలో, అంటే మూత నుంచి బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి కరెంటు తిరిగి వెళ్లే దారిలో ఉన్నాయి. కొత్త ఫ్లోటు వేసినా ముల్లు సగంలోనే ఉంటుంది.

ఎందుకంటే పైమూత రబ్బరు గాస్కెట్ మీద కూర్చుంటుంది, ట్యాంకు పట్టీల కింద కూడా రబ్బరే. మూతకి ఎర్త్ అందేది ఒక్క వైరుతోనో స్క్రూలతోనో. ఆ వైరు ఛాసిస్‌కి బిగించిన చోట తుప్పు పడితే ఇదే జరుగుతుంది.

బ్యాటరీ నెగటివ్ తీసేసి పని మొదలుపెట్టండి. ఛాసిస్ దగ్గరి బోల్టు విప్పి, మెరిసే లోహం కనిపించేదాకా ఎమ్రీ పేపర్‌తో గీకండి. రింగ్ టెర్మినల్ పచ్చబడి ఉంటే కోసేసి కొత్తది వేయండి. వైరు లోపల నల్లగా పొడిబారి ఉంటే మొత్తం మార్చాలి, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. పళ్ల వాషర్ వేసి బిగించి, పైన కాస్త గ్రీజు పూయండి. మళ్లీ కొలిస్తే రెండు రీడింగులకీ ఒక ఓమ్‌కి మించి తేడా ఉండకూడదు.

బ్రేకు తొక్కినప్పుడల్లా ముల్లు కదిలితే, వెనక లైట్లూ అదే ఎర్త్ పాయింటు వాడుకుంటున్నాయని అర్థం. రెండు 21 వాట్ల బల్బులు వెలిగే దారిలో అర ఓమ్ ఉన్నా ఒకటిన్నర వోల్టు దాకా అక్కడే పోతుంది. ఫ్లోటుకి విడిగా వైరు వేసుకోవడం మేలు.

జవాబు 1:
ఎర్త్ సరిచేశాక కూడా ఏదో ఒక మట్టం దగ్గర మాత్రమే ముల్లు పడి లేస్తుంటే, అప్పుడు ఫ్లోటు యూనిట్ బయటికి తీయాలి, లోపల ఫ్లోటుతో పాటు కదిలే కాంటాక్టు రాసుకునే రెసిస్టెన్స్ ట్రాక్ అరిగి ఉంటుంది. ట్యాంకు పావు కంటే తక్కువున్నప్పుడు, గాలి ఆడే చోట తీయండి. లాక్ రింగ్‌ని ఇనుప ఉలితో కొట్టకండి, ఇత్తడి కడ్డీ వాడండి. గాస్కెట్ మాత్రం తప్పకుండా కొత్తది.