మిద్దెతోటలో నాటు టమాటా చప్పగా ఉంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న (ఉప్పల్): 20 లీటర్ల బకెట్లలో నాటు టమాటా పెంచుతున్నాం. కాపు బాగుంది, రుచే లేదు. కొన్ని కాయల అడుగున నల్లమచ్చ కూడా. ఏం మార్చాలండీ?

జవాబు 1: ముందు నీళ్లను అనుమానించండి. కాయ రంగు తిరుగుతున్నప్పుడు నీళ్లు ఎక్కువైతే ఉబ్బిపోతుంది, తీపీ పులుపూ రెండూ పలచబడతాయి. వేలు 2 అంగుళాలు దించి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. పూత మొదలయ్యాక యూరియా వద్దే వద్దు, ఆకు ఏపుగా పెరిగి కాయ చప్పబడుతుంది. బదులుగా 15 రోజులకోసారి లీటరు నీటికి 5 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ (నీళ్లలో కరిగే పొటాష్ ఎరువు) కలిపి పిచికారీ చేయండి. రోజుకు 6 గంటల ఎండ తప్పనిసరి.

జవాబు 2: నీళ్లు తగ్గించమన్నారు కదా అని మొక్క వాడేదాకా ఆగకండి! ఆ నల్లమచ్చ తెగులు కాదు, కాయ కొసకు కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా, ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే కాయదాకా చేరదు. మొక్క మొదలు చుట్టూ 2 అంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే తడి నిలకడగా ఉంటుంది.

జవాబు 3: మన హైదరాబాద్‌లో ఆగస్టు, సెప్టెంబరులో నారు పోస్తేనే అసలు రుచి. పగలు 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. కోసిన కాయలు ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లదనానికి వాసన పోతుంది.

ప్రశ్న (ఉప్పల్): విత్తనం దాచుకోవచ్చా?

జవాబు 3: నాటువైతే తప్పకుండా. బాగా పండిన కాయ గుజ్జును 2, 3 రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టండి. హైబ్రిడ్ విత్తనమైతే అదే కాయ మళ్లీ రాదు.