గూడ్సుకు లూపా, ఓపా?

పద్మారావునగర్ పాఠకురాలు: మా నాన్నగారు మౌలాలిలో గూడ్సు గార్డు. అన్నం వడ్డించేటప్పుడు ముందు చెల్లికి పెట్టి, మమ్మల్ని ఆగమని "మెయిలుకు మెయిను, గూడ్సుకు ఓపు" అనేవారు. అన్నయ్య మాత్రం అది "లూపు" అంటాడు. ఎవరైనా విన్నారా?

చిలకలగూడ: లూపే, సందేహం లేదు. ఒంటి లైను మీద మెయిలు వస్తుంటే గూడ్సును లూపులోకి, అంటే స్టేషన్లోని పక్క లైనులోకి తీసుకుని, మెయిను, అంటే అసలు లైను ఖాళీగా ఉంచుతారు.

నల్లకుంట: మెయిలు వస్తే పాసింజరు కూడా లూపులో ఆగేది, ప్రయాణికుల పెట్టెలూ సరుకుల పెట్టెలూ కలిసిన మిక్స్‌డూ ఆగేది. అలాంటప్పుడు గూడ్సు ఒక్కదాన్నే ఎందుకన్నారు? ఎవరొచ్చినా ఓర్చుకోవలసింది అదే కనుక. ఓపే సరైన పాఠం.

బర్కత్‌పుర మాస్టారు: ఓపు క్రియ. నామవాచకం కావాలంటే ఓపిక, ఓర్పు ఉన్నాయి. ఓపును "ఓర్చుకో" అనే ఆజ్ఞగా తీసుకుంటే "కు" అడ్డొస్తుంది. అసలు మాట "గూడ్సూ, ఓపు!" అయి ఉండాలి.

నల్లకుంట: మాటలు అర్థం మార్చుకోవా మాస్టారూ? పోతన గజేంద్రుడు "లావొక్కింతయు లేదు" అన్నప్పుడు లావు అంటే బలమే కదా!

బర్కత్‌పుర మాస్టారు: లావు అప్పుడూ నామవాచకమే, ఇప్పుడూ నామవాచకమే. మారింది అర్థం, వ్యాకరణం కాదు. పైగా ఆ పద్యం ఓర్పు అడుగంటిన ఏనుగుది. మకరితో ఎన్నాళ్లు పెనుగులాడాడో తలచుకుంటే ఆ "ఒక్కింతయు"లో ఎంత అలసట ఉందో తెలుస్తుంది. పోతన తప్ప ఇంకెవరు రాయగలరు!

సైనిక్‌పురి: పద్యం బాగుంది గాని, ఆ మాట ఎవరితో అన్నదో చూడండి. అమెరికాలో పాత పద్ధతిలో టైంటేబులే బండ్లకు తరగతులు కట్టేది. తరగతి సమానమైతే ఏ దిక్కుకు వెళ్లే బండికి పెద్దరికమో కూడా అదే చెప్పేది. టైంటేబుల్లో లేని బండి ఇంజనుకు తెల్లజెండాలు కట్టుకుని, టైంటేబుల్లో ఉన్నవాటికి తప్పుకునేది. ఎదుటి బండి పెద్దదో చిన్నదో తేల్చుకుని పక్క లైనులోకి వెళ్లే పూచీ సిబ్బందిదే. అక్కడైతే "ఓపు" అని బండికే చెప్పవచ్చు. మన ఒంటి లైన్ల మీద, పెద్ద బెత్తపు రింగుకు తగిలించిన తోలుసంచిలో, ముందుకు వెళ్లే అనుమతికి గుర్తయిన టోకెను బంతి డ్రైవరు చేతికి అందితేగాని బండి కదిలేది కాదు. ఏ బండికి ఏ లైను అన్నది స్టేషన్ మాస్టరు చూసుకునేవారు. కాబట్టి ఇది ఆయనకు చెప్పే మాట: మెయిలుకు మెయిను ఇవ్వు, గూడ్సుకు లూపు ఇవ్వు. "కు" చక్కగా అతుకుతోంది.

నల్లకుంట: ప్రమాదస్థలానికి వెళ్లే సహాయ బండి వస్తే మెయిలునూ ఆపుతారు. మరి "మెయిలుకు మెయిను" ఎలా నిలుస్తుంది?

చిలకలగూడ: అది అత్యవసరం. రోజువారీ వరసకు లెక్కలోకి రాదు.

పద్మారావునగర్ పాఠకురాలు: అన్నయ్యకు చదివి వినిపించాను. మధ్యలో "పాసింజరుకు చూపు" అని ఇంకో ముక్క ఉండేదట. నాకు అసలు గుర్తు లేదు.

బర్కత్‌పుర మాస్టారు: చూపా, చోటా? అన్నయ్యగారిని మళ్లీ అడగండి. చూపు అయితే లూపుకు బలం. చోటు అయితే నేను "గూడ్సూ" దగ్గరే ఉంటాను.