రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటిన మియాటా: ముందు ఏం మార్చాలి?

పాతరోడ్‌స్టర్:
1995 మోడల్ మియాటా (మాజ్దా వాళ్ల రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు), 1.8 లీటర్ ఇంజిన్. టైమింగ్ బెల్ట్ (వాల్వులు సమయానికి తెరుచుకునేలా నడిపే బెల్ట్) ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌కే తెలీదు. స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగంలో టిక్ టిక్. బండి వేడెక్కే దాకా రెండో గేరు మొరాయిస్తోంది. మడిచే టాప్ పక్క నుంచి నీళ్లూ కారుతున్నాయి. బడ్జెట్ తక్కువ. దేంతో మొదలెట్టాలి?

గేర్‌పిచ్చి:
గేర్ బాక్సులో జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోసుంటారు, పందెం! నా బండికీ ఒక షెడ్డులో అదే పోశారు. అందులోని సల్ఫర్ ఇత్తడి సింక్రోలను (గేరు పడేటప్పుడు వేగాలు కలిపే రింగులను) తినేస్తుంది. 75డబ్ల్యూ-90 జీఎల్-4 పోయండి.

మాన్యువల్‌మామ:
తినేస్తుందని ఎవరన్నారు? మాన్యువల్ తెరిచి చూడండి. జీఎల్-4 గానీ జీఎల్-5 గానీ అనే ఉంది.

గేర్‌పిచ్చి:
అది కొత్త బండికి రాసింది మామా. అరిగిన సింక్రోకి పట్టు కావాలి, జారుడు కాదు.

మాన్యువల్‌మామ:
ఇందాక తినేస్తుందన్నారు, ఇప్పుడు జారుతుందంటున్నారు. ఏదో ఒకటి తేల్చండి.

బెల్ట్‌బాధితుడు:
ఆయన బెల్ట్ గురించి అడిగితే మీ ఆయిల్ గోలేంటి? ఎప్పుడు మార్చారో తెలీని బెల్ట్ అంటే మార్చాల్సిన బెల్టే. తెగితే ఇంజిన్ షెడ్డుకే!

స్పానర్‌గురు:
ఏళ్ల తరబడి ఇవే ఇంజిన్లు విప్పుతున్నా. వీటిలో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. దారిలో ఆగిపోతారు, అంతే. అయినా 60,000 మైళ్లకోసారి, అంటే దాదాపు లక్ష కిలోమీటర్లకు మార్చాల్సిందే. వాటర్ పంప్ తీయాలన్నా బెల్ట్ విప్పాలి కాబట్టి పంపూ సీళ్లూ ఒకేసారి మార్చేయండి.

చక్రి_90:
క్రాంక్ ముక్కు, అంటే క్రాంక్‌షాఫ్ట్ ముందు కొన చూసుకో బ్రో, పుల్లీని పట్టి ఉంచే చిన్న కీ ముక్క అరిగి పుల్లీ ఊగుతుంది.

స్పానర్‌గురు:
తమ్ముడూ, అది మొదట్లో వచ్చిన 1.6 బండ్ల గొడవ. పోస్టు చదివి రాయి.

చక్రి_90:
సాయం చేద్దామంటే తిట్లా? టిక్ టిక్‌కి 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఇంజిన్ ఆయిల్ పోస్తే సరి.

స్పానర్‌గురు:
అస్సలొద్దు. ఇవి హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ఒత్తిడితో వాల్వుల దగ్గర సందు సరిచేసేవి), చల్లగా ఉన్నప్పుడు చిక్కటి ఆయిల్ వాటి దాకా త్వరగా ఎక్కదు. లెవెల్ చూసి, పాత ఆయిల్ మార్చండి. కాసేపటికి శబ్దం పోతుంటే వదిలేయండి.

క్లచ్‌కష్టాలు:
పాతరోడ్‌స్టర్ గారూ, రివర్స్ కూడా గీస్తోందా? గీస్తుంటే మీ గొడవ ఆయిల్‌ది కాకపోవచ్చు, క్లచ్ పూర్తిగా విడవట్లేదేమో. క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తి చూడండి, తడి కనిపిస్తే దాని పని అయిపోయినట్టే.

పాతరోడ్‌స్టర్:
రివర్స్ కూడా గీస్తోందండీ! బూటు ఎత్తితే లోపలంతా తడి. ఆయిల్ కొనకపోవడమే మంచిదైంది.

గేర్‌పిచ్చి:
స్లేవ్ మార్చినా జీఎల్-4 పోయాల్సిందే. రాసి పెట్టుకోండి.

మాన్యువల్‌మామ:
మళ్లీ మొదలు. మరి వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్‌లో కూడా జీఎల్-4 పోస్తారా?

గేర్‌పిచ్చి:
డిఫరెన్షియల్‌కి జీఎల్-5 అని చిన్నపిల్లాడికీ తెలుసు. నేను మాట్లాడేది బాక్సు గురించి!

తుప్పుశత్రువు:
టాప్ సంగతి ఒక్కరూ చెప్పలేదే. సీట్ల వెనక డ్రెయిన్ రంధ్రాలు ఆకులతో మూసుకుపోతే నీళ్లు తలుపుల కింద ఉండే సిల్స్‌లోకి దిగి లోపల్నుంచే తుప్పు పడుతుంది. బెల్ట్ కన్నా ముందు ఆ రంధ్రాలు శుభ్రం చేయండి. ఖర్చు సున్నా.